స్పాంజిని తళతళా కడిగాక చేపలెందుకు చస్తాయి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లలో ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ల దగ్గర తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఆదివారం తొట్టి మొత్తం శుభ్రం చేశాం, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాం, నీళ్లు తేటగా తయారయ్యాయి, బుధవారానికి రెండు గోల్డ్‌ఫిష్‌లు పైకి తేలాయి. దుకాణంలో అడిగితే నీలం మందు సీసా చేతిలో పెడతారు, ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు రెండూ కారణం కాదు. చేపల్ని కాపాడుతున్నదాన్ని ఆదివారం నాడే కాలవలోకి పంపేశారు, అంతే.

ఫిల్టర్ అని మనం పిలిచే ఆ చిన్న డబ్బాలో నిజానికి రెండు వేరు వేరు పనులు జరుగుతాయి. కంటికి కనబడే చెత్తను, అంటే చేపల మలాన్ని, మిగిలిపోయిన మేతను, ఆకు ముక్కల్ని పట్టి ఆపడం మొదటిది, దీన్ని మెకానికల్ ఫిల్ట్రేషన్ అంటారు. నీళ్లలో కరిగిపోయి కంటికి ఆనని అమ్మోనియాను బ్యాక్టీరియా చేత వేరే పదార్థంగా మార్పించడం రెండోది, ఇది బయొలాజికల్ ఫిల్ట్రేషన్. చిక్కంతా ఎక్కడంటే, మొదటి పని బాగా జరగాలంటే ఆ భాగాన్ని మాటిమాటికీ కడగాలి, రెండో పని బాగా జరగాలంటే ఆ భాగం జోలికి వీలైనంత తక్కువ పోవాలి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే ఫిల్టర్లలో ఈ రెండు పనులూ ఒకే స్పాంజి చేస్తుంది. కాబట్టి ఏ మెటీరియల్ ఎంత వేయాలి అన్నదానికంటే దేన్ని ఎప్పుడు కడగాలి, దేన్ని వదిలేయాలి అన్నదే అసలు లెక్క.

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. స్పాంజిలో చిక్కిన చెత్త తొట్టిలోంచి బయటికి పోయినట్టు కాదు. ఊడ్చిన చెత్తను చేటలోకి ఎత్తి గుమ్మం వెనకే పెట్టినట్టు, అది కంటికి కనబడదు కానీ ఇంట్లోనే ఉంటుంది. తొట్టిలో అయితే ఇంకా ఘోరం, ఎందుకంటే పంపు ఆ కుళ్లుతున్న చెత్త గుండానే గంటకు వందల లీటర్ల నీళ్లు తోస్తూ ఉంటుంది, అందులోంచి వచ్చే అమ్మోనియా అంతా మళ్లీ చేపల దగ్గరికే వస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, విషం మాత్రం పెరుగుతూ ఉంటుంది. స్పాంజిని తీసి, పిండి, ఆ మురికిని తొట్టి బయట పారబోసినప్పుడే మెకానికల్ ఫిల్టర్ పని పూర్తయినట్టు.

ఇక కనబడని దాని సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా నింపితే 56 లీటర్ల పైచిలుకు పడుతుంది, అడుగున గులకరాళ్లూ పైన ఖాళీ పోగా చేతికొచ్చేది ఇంచుమించు 50 లీటర్లు. చేపల పెంపకంలో వాడే ఒక లెక్క ప్రకారం 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే దాదాపు 32 మిల్లీగ్రాముల నైట్రోజన్ అమ్మోనియా రూపంలో నీళ్లలోకి చేరుతుంది. అంటే మన 50 లీటర్ల తొట్టిలో ఒక్క గ్రాము మేతకు లీటరుకు 0.6 మిల్లీగ్రాములకు పైగా. ఈ అమ్మోనియాలో ఎక్కువ భాగం చేప తిన్నాక మొప్పల ద్వారా వదిలేది, మలంలోంచి వచ్చేది కాదు. ఎంత గొప్ప స్పాంజి పెట్టినా, ఎంత దట్టంగా దూది కుక్కినా దాన్ని పట్టుకోవడం కుదరదు, ఎందుకంటే అది పట్టుకునే రూపంలో లేదు. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం పాళ్లను చెప్పే కొలత) 7 దగ్గర, 30 డిగ్రీల నీళ్లలో, ఆ అమ్మోనియాలో నిజంగా విషపూరితమైన రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే అదే నూటికి 7 వంతులు దాటుతుంది. అందుకే ఒకే రకం నిర్లక్ష్యం ఒక ఇంట్లో సాగిపోతుంది, పక్కింట్లో పీహెచ్ ఎక్కువున్న బోరునీళ్ల తొట్టిలో చేపల్ని చంపేస్తుంది.

ఈ అమ్మోనియాను తినేవి నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా, అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. దాన్ని ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తుంది, నైట్రేట్ తక్కువ మోతాదులో పెద్దగా హాని చేయదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండో మెట్టు పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలాకాలం పుస్తకాల్లో రాసేవారు, అక్వేరియంలలో ఆ పని చేసేది ఎక్కువగా నైట్రోస్పైరా అని 1998లో తేలింది. 2015లో ఇంకా చిత్రమైన సంగతి బయటపడింది, నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు మెట్లూ ఒంటరిగా ఎక్కేస్తాయని, వాటిని గుర్తించిన చోట్లలో ఒకటి చేపల పెంపక కేంద్రపు ఫిల్టరే. పేర్లు గుర్తులేకపోయినా ఫరవాలేదు, రెండు సంగతులు గుర్తుంటే చాలు. ఇవి నీళ్లలో తేలుతూ తిరిగేవి కావు, స్పాంజికో రాళ్లకో జిగురుపొరలా అతుక్కుని ఉండేవి, అందుకే నీళ్లు మూడోవంతు మార్చినా వీటికి ఏమీ కాదు కానీ స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద పెడితే చాలా చచ్చిపోవచ్చు. రెండోది, ఇవి చాలా మెల్లగా పెరుగుతాయి. కుళ్లిన పదార్థం మీద బతికే మామూలు బ్యాక్టీరియా అనుకూలంగా ఉంటే అరగంటలో రెట్టింపవుతుంది, వీటికి అదే పనికి అరరోజో రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని చెప్పేది ఇందుకే.

ఈ వేగాల తేడాలోనే రెండు ఫిల్టర్ల మధ్య అసలు తగాదా ఉంది. ఒకే స్పాంజి మీద చెత్త పేరుకుంటే ఆ చెత్తను తినే వేగవంతమైన బ్యాక్టీరియా అక్కడ విపరీతంగా పెరిగి చోటునూ ఆక్సిజన్‌నూ రెండింటినీ లాగేసుకుంటుంది, నెమ్మదివాటికి ఊపిరాడదు. ఆక్సిజన్ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. పైన చెప్పిన ఒక గ్రాము మేత లెక్కే తీసుకుంటే సుమారు 146 మిల్లీగ్రాముల ఆక్సిజన్. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు పట్టుకోగలిగిందే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు, 50 లీటర్లకు 375. అంటే ఒక్క గ్రాము మేత తాలూకు అమ్మోనియాను శుద్ధి చేయడానికే తొట్టిలో ఒక వేళకు ఉండే ఆక్సిజన్‌లో మూడోవంతు దాటి ఖర్చవుతుంది, చేపలు పీల్చేది, చెత్త కుళ్లడానికి పోయేది వేరే. పైనుంచి గాలి కలుస్తూనే ఉంటుంది కాబట్టి తొట్టి నడుస్తోంది. చెత్తను ముందే ఆపి బయట పారేస్తే ఆ ఆక్సిజన్ అంతా బయొలాజికల్ భాగానికి మిగులుతుంది. మెకానికల్ ఫిల్టర్ చేసే అతి పెద్ద మేలు ఇదే, నీళ్లు తేటగా కనబడటం దాని తర్వాతి మాట.

అందుకని నీళ్లు వచ్చే దారిలో మొదట ముతక స్పాంజి, దాని వెనక సన్న స్పాంజి, కావాలంటే పలచగా దూది, చివరికి బ్యాక్టీరియా అతుక్కోవడానికి పింగాణీ రింగులు గానీ లావా రాళ్లు గానీ పెట్టాలి. వరస తిరగేసి రింగులు ముందు పెడితే ఆరు నెలల్లో వాటి రంధ్రాలన్నీ బురదతో మూసుకుపోయి ఉత్త రాళ్లుగా మిగులుతాయి. దూది అంటే ఫిల్టర్ దూది, లేదా దిండ్లలో కుక్కే పాలిస్టర్ దూది, పత్తి దూది పనికిరాదు, నీళ్లలో కుళ్లిపోతుంది. ఈ దూదిని కడిగి దాచుకోవాలనే పొదుపు మాత్రం వద్దు, మురికి పట్టగానే తీసి పారేయాల్సిందే, అది అందుకోసమే ఉంది.

అంత పెద్ద ఫిల్టర్ లేదు, ఎయిర్ పంపుతో నడిచే చిన్న స్పాంజి ఫిల్టరే ఉంది అనేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఖరీదైన సలహా అక్కర్లేదు. ఒక పెద్ద స్పాంజి ఫిల్టర్ బదులు రెండు చిన్నవి పెట్టి, T ఆకారపు పైపుతో ఒకే పంపుకు కలిపి, ఈ వారం ఒకటి, పై వారం ఒకటి చొప్పున కడిగితే చాలు, ఒకదాన్ని కదిపినప్పుడు రెండోదాంట్లో బ్యాక్టీరియా పని సాగిస్తుంది. తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్ ఉంటే నీళ్లు పీల్చే గొట్టం మూతికి చిన్న స్పాంజి తొడిగితే చెత్త అక్కడే ఆగుతుంది, వారానికోసారి దాన్ని మాత్రం పిండుకుంటే లోపలి భాగాన్ని నెలల తరబడి ముట్టుకోవక్కర్లేదు. ఫిల్టర్ మీద ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంతకంటే ఎక్కువ లాభం వచ్చే పని ఇంకోటి కనబడదు.

కడగడం ఎలాగో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గెలుపోటములు ఇక్కడే. నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన పాత నీళ్లను బకెట్లో పట్టుకోండి. ముందు పంపు ఆపి, స్పాంజి కింద అరచేయో చిన్న గిన్నో పెట్టి పైకి తీయాలి, లేకపోతే దారిలోనే సగం మురికి తొట్టిలోకి జారుతుంది. బకెట్లో ముంచి మూడు నాలుగుసార్లు పిండితే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అక్కడ ఆపేయాలి. స్పాంజి ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది, పట్టుకుంటే కాస్త జారుడుగా ఉంటుంది, ఉండాలి, ఆ జారుడే మనం కాపాడుకోవాల్సింది. ఒకసారి వాసన చూడండి. వానకు తడిసిన మట్టి వాసన వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే లోపలికి ఆక్సిజన్ అందడం లేదు, కడగడం ఆలస్యమైందన్నమాట. సబ్బు, సర్ఫు, వేడినీళ్లు దగ్గరికి రానివ్వకూడదు. బకెట్లో మిగిలిన ఆ మురికినీళ్లు మొక్కలకు పోస్తే వాటికి పండగే.

రింగుల పెట్టె మీద లీటరుకు ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం అని రాసి ఉంటుంది. దాన్ని చూసి డబ్బు పోయనక్కర్లేదు. రాయి లోపలి సూక్ష్మ రంధ్రాల్లోకి ఆక్సిజన్ ఉన్న నీళ్లు చేరేది చాలా తక్కువ, పని జరిగేదంతా పైపొరలోనే. ఇంకో మాట, బ్యాక్టీరియా ఎంత ఉండాలో నిర్ణయించేది మేత, రింగులు కాదు. రోజుకు అరగ్రాము మేత వేసే తొట్టిలో రింగులు రెండింతలు వేసినా అరగ్రాముకు సరిపడా బ్యాక్టీరియానే బతుకుతుంది. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కొత్తది కొని, సబ్బు లేనిది చూసుకుని, ముక్కలు చేసి వేసినా బాగానే పనిచేస్తుంది, ఇనప పీచు మాత్రం వద్దు. పరుపుల దుకాణంలో దొరికే ఫోము చవకే కానీ దాంట్లో ఏ రసాయనాలు కలిపారో చెప్పలేం, ఆ సాహసం అనవసరం. యాక్టివేటెడ్ కార్బన్ (శుద్ధి చేసిన బొగ్గు) మెకానికల్, బయొలాజికల్ రెండింటికీ చెందదు, మందు వేశాక మిగిలినదాన్ని, నీళ్లకు పట్టిన పసుపు రంగును తీయడానికి కొన్నాళ్లు వాడి తీసేయొచ్చు, రోజూ అవసరం లేదు.

నీటి వేగం విషయానికొస్తే, తొట్టిలోని నీళ్లన్నీ గంటకు నాలుగైదుసార్లు ఫిల్టర్ గుండా తిరిగితే చాలు. పంపు మీద రాసిన సంఖ్య ఖాళీగా తిరిగినప్పటిది, స్పాంజి తొడిగి, గొట్టం పైకి పెట్టాక అంత రాదు. నీళ్లు పడే ధార ముందటి వారంకంటే సన్నబడిందంటే స్పాంజి మూసుకుపోతోందని అర్థం, క్యాలెండర్ కంటే ఈ ధారను చూసి కడగడమే మేలు. ధార తగ్గితే చెత్త పట్టడం తగ్గడం ఒక్కటే కాదు, వెనకున్న బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. రాత్రిపూట చప్పుడని, కరెంటు బిల్లని ఫిల్టర్ ఆపేసేవాళ్లున్నారు. పది వాట్ల పంపు రాత్రీ పగలూ నెలంతా తిరిగినా ఏడు యూనిట్లు దాటి కొంచెం, అంతే. దానికోసం రోజూ ఎనిమిది గంటలు బ్యాక్టీరియా గొంతు పిసకడం ఎందుకు?

అయితే మన చేతిలో లేకుండా కరెంటు పోయే రోజులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు. వేసవిలో కాలబైశాఖి గాలివాన వచ్చిన సాయంత్రాలు ఒక ఎత్తు, అక్టోబరు తుపాన్లు ఇంకో ఎత్తు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను కూడా ముంచేసింది, రెండుసార్లూ చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చేపలకంటే ముందు కష్టంలో పడేది ఫిల్టరే. నీళ్లు కదలడం ఆగితే స్పాంజిలో ఉన్న చెత్త మిగిలిన ఆక్సిజన్‌ను కొన్ని గంటల్లో తినేస్తుంది, మూతపెట్టిన క్యానిస్టర్ (తొట్టి బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) అయితే ఇంకా త్వరగా. అమ్మోనియాను మార్చే ఈ నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా ఆకలికి తట్టుకుంటుంది, కొన్ని రోజులు మేత లేకపోయినా నిద్రాణంగా ఉండిపోతుంది, కానీ కుళ్లిన బురదలో ఊపిరాడకుండా ఉండలేదు. అంటే శుభ్రమైన స్పాంజి తుపానును తట్టుకుంటుంది, మురికి స్పాంజి తట్టుకోదు. తుపాను హెచ్చరిక ఎలాగూ ముందే వస్తుంది, కొవ్వొత్తులూ మంచినీళ్లూ సిద్ధం చేసుకునే రోజునే స్పాంజిని తొట్టి నీళ్లలో ఓసారి పిండి పెట్టడం, దూది ఉంటే తీసేయడం, మేత ఆపేయడం, ఈ మూడూ చేస్తే సగం భయం పోతుంది. పెద్ద చేపలు ఆరోగ్యంగా ఉంటే వారంపాటు మేత లేకుండా ఉంటాయి. కరెంటు పోయాక స్పాంజిని డబ్బాలోంచి తీసి తొట్టిలోనే విడిగా వదిలేయాలి, క్యానిస్టర్‌లో రింగులుంటే వాటిని కూడా వల సంచిలో కట్టి తొట్టిలోకి దించొచ్చు. బ్యాటరీ ఎయిర్ పంపు ఉంటే సరే, లేకపోతే గంటకోసారి చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తునుంచి పది నిమిషాలు తిరిగి పోస్తూ ఉంటే చాలావరకు గట్టెక్కుతాయి.

ఇందులో చిన్న మెలికొకటి ఉంది. ఎయిర్ పంపును తొట్టి నీటిమట్టానికి కింద, బల్ల మీదో అరలోనో పెట్టినప్పుడు కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి దిగి పంపు పాడవుతుంది, గది తడుస్తుంది, ప్లగ్గు దగ్గరికి వస్తే ప్రమాదం కూడా. గొట్టం మధ్యలో చెక్ వాల్వు (ఒకవైపే పోనిచ్చే బిరడా) పెడితే ఆ గొడవ ఉండదు. కరెంటు వచ్చాక చాలామంది చేసే పని వెంటనే స్విచ్ వేయడం. ఐదారు గంటలకు మించి ఆగిన మూత ఫిల్టర్‌ను అలా ఆన్ చేస్తే దాంట్లో నిలవ ఉండిపోయిన విషపు నీళ్లన్నీ ఒక్కసారి తొట్టిలోకి వచ్చిపడతాయి. ముందు ఫిల్టర్ తెరిచి ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలో పిండి, అప్పుడు వేయాలి. తుపాను తర్వాత కుళాయిలో వచ్చే నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువ కలిపే అవకాశముంది కాబట్టి ఆ వారం నీళ్లు మార్చాల్సి వస్తే క్లోరిన్ తీసే చుక్కలు మోతాదు చూసి వేయడం, లేదా గాలి పెట్టి రోజంతా ఉంచాక పోయడం తప్పదు.

మామూలు రోజుల్లో కూడా నీళ్లు ఎక్కడివి అన్నది బయొలాజికల్ భాగాన్ని తిన్నగా తాకుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ శుద్ధి అయ్యేసరికి నీళ్లలోని కార్బనేట్ (కాల్షియం కార్బనేట్ లెక్కన) 7 గ్రాముల పైచిలుకు ఖర్చవుతుంది, అది అయిపోయేకొద్దీ పీహెచ్ పడిపోతుంది, 6.5 కిందికి దిగితే బ్యాక్టీరియా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. గట్టి బోరునీళ్లు వాడేవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లకున్న బాధ పీహెచ్ ఎక్కువై అమ్మోనియా పదునెక్కడం. కొండవాగు నీళ్లో వాన నీళ్లో పోసేవాళ్లకు మాత్రం నెలల తరబడి నీళ్లు మార్చకపోతే, ఫిల్టర్ ఎంత మంచిదైనా, ఒకరోజు నిశ్శబ్దంగా పని మానేస్తుంది. వలలో గుప్పెడు నత్తగుల్లలో పగడపు ముక్కలో కట్టి ఫిల్టర్‌లో వేస్తే కార్బనేట్ మెల్లగా కరుగుతూ ఉంటుంది.

కొత్త తొట్టి రెండో వారంలో పాలు కలిసినట్టు మబ్బుపడితే దూది దట్టించడం వల్ల ఉపయోగం లేదు, అది చెత్త కాదు, మిగిలిన మేత మీద పెరిగిన బ్యాక్టీరియా. మేత తగ్గించి, గాలి పెంచి, వదిలేస్తే కొన్ని రోజుల్లో అదే తేరుకుంటుంది. పచ్చగా మారితే నాచు, ఎండ పడే చోటునుంచి తొట్టి జరపాలి. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న, రోగాలు లేని తొట్టి ఉంటే వాళ్ల స్పాంజి పిండిన నీళ్లో, స్పాంజి ముక్కో తడి ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే ఆరువారాల ఎదురుచూపు బాగా తగ్గుతుంది. చేపకు జబ్బు చేసినప్పుడు నీలం మందు తొట్టిలో పోస్తే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది, ఆ చేపను విడిగా బకెట్లో పెట్టి అక్కడే మందు వేయడం మంచిది.

తొట్టిలో ఏ మార్పు చేసినా, స్పాంజి కడిగినా, కొత్త చేపలు వేసినా, కరెంటు పోయి వచ్చినా, మర్నాడు ఒకసారి, మూడోరోజు ఒకసారి అమ్మోనియా కిట్‌తో చూసుకోవాలి. చుక్కలు కలిపే కిట్ కాగితపు పట్టీలకంటే నమ్మదగింది. రంగు పసుపులోంచి పచ్చలోకి తిరుగుతుంటే ఆ రోజు మేత పూర్తిగా మానేసి, పావు నుంచి మూడోవంతు నీళ్లు మార్చి, స్పాంజిని మాత్రం ముట్టుకోకుండా ఇంకో వారం వదిలేయండి.